ఆసామి గారి గట్టు మీద రెండు డ్రోన్లు

మా ఊళ్ళో దాన్ని డ్రోన్ అనేది కాలేజీ పిల్లలు మాత్రమే. మిగిలిన జనానికి అది విమానం. ఇవాళ విమానం ఎవరి చేలో దిగుతుందమ్మా అని అడుగుతారు నన్ను, నేనేదో మధురపూడి విమానాశ్రయం నుంచి ఇప్పుడే వచ్చినట్టు. నేనూ దిద్దను. వీపున పంపు మోసిన మనిషి పెళ్ళానికి విమానం నడిపే ఆవిడని పేరొస్తే కాదనడానికి నాకేం పిచ్చా?

అందుకే రెండు డ్రోన్లు గాల్లో గుద్దుకున్న రోజు కబురు కూడా విమానాల కబురుగానే వెళ్ళింది. కొత్తపేట చేరేసరికి పైలెట్లు ఇద్దరూ పోయారన్నారట. రాజోలు నుంచి మా పిన్ని ఫోన్ చేసింది. ఎత్తింది నేనే అని తెలిసినా నమ్మకుండా ఏడుస్తూనే ఉంది. పైలెట్లం ఇద్దరం నేల మీదే ఉన్నాం పిన్నీ, మోకాలి దాకా బురదలో ఉన్నాం అని చెప్పాల్సి వచ్చింది. ఆ ఇద్దరిలో ఒకతెను నేను. రెండో అతను ఆసామి గారి అల్లుడు. యంత్రాలు రెండూ ముక్కలయ్యాయి. వాటితో పాటు ఆసామి గారి పరువు కూడా కింద పడింది. నేను రాయాలనుకున్నది దాని గురించి.

ముందు ఆసామి గారెవరో చెప్పాలి. పొలమున్న ప్రతివాడూ ఆసామే గానీ, మా ఊళ్ళో ముందూ వెనకా ఏమీ లేకుండా ఉత్తి ‘ఆసామి గారు’ అంటే ఆయనొక్కరే. నాకాయన మీద పీకల దాకా కోపం. అంత కోపమున్నదానివి గారు ఎందుకు పెడుతున్నావని మీరడగొచ్చు. మాది గోదావరి జిల్లా. ఇక్కడ తిట్టినా గారు పెట్టే తిడతాం. కాలువ లాకుల దగ్గర టీ కొట్టు ముందున్న బెంచీ మీద పొద్దున్నే కూర్చుంటారాయన, మడత నలగని తెల్ల చొక్కాతో, చేతిలో గొడుగుతో. తాగొచ్చి పెళ్ళాన్ని కొట్టినవాడి తగువు ఆయన దగ్గరికే వస్తుంది. వాడికి నలుగురిలో గడ్డి పెడతారు. తను మాత్రం కల్లు చుక్క ఎరగని మనిషి. ఆ మాట నేనే ఒప్పుకుంటున్నాను, నాకు న్యాయం తెలియదని ఎవరూ అనకుండా.

మా ఆయన తైవాన్ పంపు మనిషి. తైవాన్ పంపంటే వీపుకి తగిలించుకుని పురుగుమందు కొట్టే ఇంజను పంపు. సార్వా పంటకీ దాళ్వా పంటకీ ఊళ్ళో సగం చేలు ఆయన చేతి మీదుగానే పండేవి. ఆయన తాతగారు ఆసామి గారి తాతగారింట్లో పాలేరు. పాలేరుతనం పోయింది, బడి వచ్చింది, చర్చి వచ్చింది, మా వాళ్ళలో చాలామంది పంతుళ్ళయ్యారు, గుమాస్తాలయ్యారు. అయినా ఆసామి గారు కబురు పెడితే మా ఆయన అన్నం ముందు నుంచి లేచి వెళ్ళేవారు. అలవాటు అలాంటిది. పనిలో ఆయనకొక నియమం ఉండేది. గాలికి వీపివ్వాలి గానీ మొహమివ్వకూడదు అనేవారు. సాయంత్రం మిగిలిన పంపు మనుషులు కల్లుపాక వైపు తిరిగితే, ఈయన ఇంటికొచ్చి సబ్బు అరిగేదాకా స్నానం చేసి బైబిలు ముందేసుకుని కూర్చునేవారు. మా చర్చి పెద్దల్లో ఒకరు. ఆదివారం గంట కొట్టేది ఆయనే.

ఒక ఏడు దాళ్వాలో ఓ మధ్యాహ్నం సముద్రపు గాలి గట్టిగా లేచింది. అంతర్వేది వైపు నుంచి వచ్చే గాలి. కొబ్బరి మట్టలన్నీ ఒక్క వైపుకే వంగిపోయాయి. ఆసామి గారి చేలో ఇంకొంచెం మిగిలింది. ఇక్కణ్ణుంచి గాలికెదురు నడవాలండీ, రేపు పొద్దున్నే వచ్చి కొట్టేస్తాను అన్నారు మా ఆయన. గట్టు మీద గొడుగేసుకుని నిలబడ్డ ఆసామి గారు వినలేదు. రేపు నేను ఊళ్ళో ఉండను, ఇవాళే అయిపోవాలన్నారు. మా ఆయన తలొంచుకుని, గాలికి మొహమిచ్చి నడిచారు. అవతలి గట్టు చేరేలోపు పడిపోయారు.

నేను పరిగెత్తుకెళ్ళేసరికి నోటి వెంట నురగ. చొక్కా తడిసి ఒంటికి అంటుకుపోయి ఉంది, విప్పేవాళ్ళు లేరు, విప్పాలని అప్పటికి నాకూ తెలియదు. ఆసామి గారు చేతిరుమాలు ముక్కుకి అడ్డం పెట్టుకుని దూరంగా నిలబడి ఉన్నారు. ఆటోలో అమలాపురం ఆసుపత్రికి తీసుకెళ్ళాం. ప్రాణం దక్కింది. చేతులకి మాత్రం వణుకు పట్టుకుంది, అది ఇక వదల్లేదు. అన్నం ముద్ద నోటిదాకా వచ్చేలోపు సగం ఒళ్ళో పడుతుంది. కళ్ళు మూసుకుని పంపు నాజిల్ విప్పి బిగించిన మనిషికి చొక్కా బొత్తాలు నేను పెడతాను. మెడ పైకెత్తి నిలబడతారు, నాకేసి చూడరు.

అదంతా ఒక ఎత్తు. ఎండలో, అంత గాలికెదురు ఎందుకు కొట్టించారండీ అని లాకుల దగ్గర ఎవరో అడిగారట. బెంచీ మీద నుంచి ఆసామి గారు ఇచ్చిన జవాబు ఇది.

“తాగొచ్చేడండీ పొలానికి. మేమేం చేస్తాం?”

ఒక్క ముక్క. సాయంత్రానికి ఊరంతా పాకింది. పురుగుమందు ఒంట్లోకి దిగిందని డాక్టరు గారు నాతో చెప్పారు, నేను పదిమందితో చెప్పాను, వినేవాళ్ళేరీ? పెళ్ళాం అలాగే చెప్తుంది మరి అన్నారు. చర్చి పెద్దలు ఇంటికొచ్చి, చాలా ప్రేమగా, ఒంట్లో బాగోలేదు కదా, కొన్నాళ్ళు విశ్రాంతి తీసుకోండి అన్నారు. ఎవరూ తాగుడు మాట ఎత్తలేదు. ఎత్తితే అక్కడే కడిగేసి ఉందును. ఆ ఆదివారం గంట ఇంకొకరు కొట్టారు. మా ఆయన మంచం మీద కూర్చుని ఆ గంట ఆగేదాకా విన్నారు. లాకుల వైపు వెళ్ళడం కూడా అప్పుడే మానేశారు. టీ ఇంట్లోనే బాగుంటుందిలే అన్నారు.

నేనూరుకునే రకం కాదు. ఆసామి గారింటికి వెళ్ళాను. వీధరుగు మీద వాలుకుర్చీలో ఉన్నారు. ఆ రోజు పొద్దున్న మీ ఇంటి కాఫీ పుచ్చుకునే పన్లోకి దిగారండీ, మీ కళ్ళెదురుగానే ఉన్నారు, ఆయన తాగలేదని మీకు తెలుసు, ఆ ఒక్క మాట బెంచీ దగ్గర చెప్పండి చాలు అని చేతులు కట్టుకుని అడిగాను. అలా చేతులు కట్టుకున్నానే అని ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది. ఆయన నాకేసి కూడా కాదు, వాకిట్లో ఎండబెట్టిన కొబ్బరికేసి చూస్తూ అన్నారు.

“చూద్దాంలేవమ్మా. తొందరేముంది?”

ఏళ్ళు గడిచాయి. ఆ తొందరేముంది అన్న మాట నా గుండెల్లో కుంపటై కూర్చుంది. పగ దేవుడికి వదిలెయ్యాలని మా పాస్టరు గారు ఒక ఆదివారం నాకేసి చూస్తూ ప్రసంగం చేశారు. సరే, వదిలేశాను. కానీ దేవుడికి లోకమంతా పనులే కదా, మరిచిపోతాడేమోనని రోజూ ప్రార్థనలో గుర్తు చేస్తుండేదాన్ని.

అలా గుర్తు చేస్తుండగా మా మహిళా సంఘానికి డ్రోన్ వచ్చింది. నడపడం ఎవరు నేర్చుకుంటారని అడిగితే ఆడవాళ్ళందరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. నేను చెయ్యెత్తేశాను. నీకెందుకే ఈ గొడవ అన్నవాళ్ళకి, ఆ పంపు ఇంకెవరి వీపూ ఎక్కకూడదు అని చెప్పాను. అది నిజమే. రెండో కారణం ఎవరికీ చెప్పలేదు. పంపు మోసే మగాళ్ళు అప్పటికే ఊళ్ళో లేరు. సగంమంది కువైట్‌లో, దోహాలో ఉన్నారు, మిగిలినవాళ్ళు మా ఆయన చేతులు చూశాక ఆ పని ముట్టనన్నారు. ఇక చేలో మందు పడాలంటే నా గుమ్మంలోకి రావలసిందే. ఆసామి గారైనా సరే.

శిక్షణలో మాస్టారు కోనసీమ వాళ్ళకని ప్రత్యేకంగా ఒక సంగతి చెప్పారు. బ్యాటరీ అయిపోవస్తుంటే ఒక మీట నొక్కితే చాలు. యంత్రం దానంతటది నిలువునా పైకి లేచి, మనం ముందుగా పెట్టిన ఎత్తులో తిన్నగా ఎగురుకుంటూ బయలుదేరిన చోటికి వచ్చేస్తుంది. మీ దగ్గర గట్టు గట్టుకీ కొబ్బరి చెట్లు కదా, ఆ ఎత్తు చెట్టు తల మీది మొవ్వు దాటి ఒక నిలువు పైన పెట్టుకోండి, ఇక దాని జోలికి పోకండి అన్నారు. మేమంతా ఆ ఎత్తే పెట్టుకున్నాం, దాని జోలికి పోలేదు. మా తరవాత నేర్చుకున్నవాళ్ళూ అంతే. కోనసీమలో ఏ డ్రోన్ ఇంటిదారి పట్టినా ఆ ఎత్తులోనే వస్తుంది.

నేను మొదటిసారి చేలో దింపిన రోజు మా ఆయన కూడా డ్రోన్ వేసుకెళ్ళే నా ఆటోలో వచ్చారు. వణుకు కనపడకుండా చేతులు వెనక్కి కట్టుకుని చాలాసేపు చూశారు. తరవాత, గాలి మళ్ళింది, అటు చివర నుంచి మొదలెట్టు అన్నారు. నేను మొదలెట్టాను. అప్పట్నుంచి రోజూ ఆటోలో కూర్చుని నాకు గాలి చెప్పడం ఆయన పని.

మొన్నటి సార్వాకి దోమపోటు తగిలింది. దోమపోటంటే చేను మధ్యలో గుండ్రంగా ఎండడం మొదలవుతుంది, ఆ గుండ్రం రోజురోజుకీ పెద్దదవుతుంది. నేను పొద్దున లేచింది మొదలు చేల మీదే ఉన్నాను. ఆసామి గారి చుట్టుపక్కల చేలన్నీ కొట్టాను, మధ్యలో ఆయనది వదిలేశాను. పనివాడి చేత కబురు పెట్టారు. ఖాళీ లేదన్నాను. మళ్ళీ పెట్టారు. బ్యాటరీ పాడైందన్నాను, నా డ్రోన్ పక్క చేలో ఎగురుతుండగానే. గట్టు మీద నిలబడి ఆయన చేలోని ఆ ఎండు గుండ్రాలు చూస్తుంటే, దాచుకోవడమెందుకు, కడుపు నిండినట్టుండేది.

చివరికి ఆయనే కాలువ రోడ్డు మీద నా ఆటోకి అడ్డంగా వచ్చి నిలబడ్డారు.

“ఏవమ్మా, మా చేనొక్కటీ నీ కంటికి ఆనదా?”

“ఆనుతుందండి. లాకుల దగ్గర ఆ ఒక్క మాట చెప్పండి, ఈ పూటే వచ్చేస్తాను.”

ఏ మాట అని అడగలేదు. అంటే గుర్తుందన్నమాట. దానికీ దీనికీ ఏం సంబంధమని గొడుగు ఊపుకుంటూ వెళ్ళిపోయారు. రెండు రోజులు తిరక్కుండా రావులపాలెం నుంచి అల్లుడు కొత్త డ్రోన్ వేసుకుని దిగాడు. అతను నేర్చుకున్నది కూడా మా మాస్టారి దగ్గరే. ఔరా అనుకున్నాను. ఒక మాట అనడం కంటే ఒక విమానం కొనడం తేలికైంది ఆసామి గారికి.

మా వైపు ఒక పద్ధతుంది. చేలో పురుగుమందు కొట్టబోయే ముందు పక్క చేలవాళ్ళకి కేక వెయ్యాలి. గడ్డి కోసేవాళ్ళు పక్కకి వెళ్తారు, గేదెల్ని తోలుకుపోతారు. ఎంత పగవాడైనా ఆ కేక వేసి తీరేవాడు. డ్రోన్లు వచ్చాక కేకకి బదులు ఫోనొచ్చింది. ఇవాళ నేను ఫలానా చేలో ఉన్నాను, నువ్వెక్కడ అని నడిపేవాళ్ళం ఒకరికొకరం చెప్పుకుంటాం. ఆసామి గారి అల్లుడు నాకు ఫోన్ చెయ్యలేదు. నేను చేస్తానా? చస్తే చెయ్యను.

ఆ పొద్దున్న మంచు విడిచాక నేను ఆసామి గారి గట్టుకి దక్షిణాన ఉన్న చేలో కొడుతున్నాను. ఆటో మాత్రం గట్టుకి ఉత్తరాన కాలువ రోడ్డు మీద పెట్టాను, నీళ్ళు అక్కడే దగ్గరని. డ్రోన్ అక్కణ్ణుంచే లేచింది కాబట్టి అక్కడికే తిరిగి రావాలి. కాసేపటికి ఆసామి గారి అల్లుడు వచ్చాడు. వాళ్ళ చేను గట్టుకి ఉత్తరాన, కాలువ రోడ్డుని ఆనుకునే ఉంది. బండి నా ఆటో పక్కన పెట్టుకుంటే సరిపోయేది. నా పక్కన పెట్టడం నామోషీ! చుట్టూ తిరిగి దక్షిణం డొంక దారిలో పెట్టుకుని, అక్కణ్ణుంచి లేపాడు. అంటే నాది గట్టు దాటి ఉత్తరానికి రావాలి, అతనిది గట్టు దాటి దక్షిణానికి పోవాలి. మధ్యలో కొబ్బరి చెట్ల వరస. ఆ వరస కింద, గట్టు మీద, ఎప్పట్లాగే గొడుగేసుకుని ఆసామి గారు. అల్లుడు పని చేస్తున్నాడో లేదో చూడాలి కదా.

నా ట్యాంకు ఖాళీ అయింది. బ్యాటరీ కుయ్‌మంది. మీట నొక్కాను. డ్రోన్ నిలువునా లేచి మొవ్వులు దాటి కొబ్బరి వరస మీదికి వెళ్ళింది. అల్లుడి బ్యాటరీ కూడా అయిపోయి, అతనూ మీట నొక్కినట్టున్నాడు. సరిగ్గా అప్పుడే అవతల్నుంచి ఇంకో మోత దగ్గరికి రావడం వినిపించింది. చెట్ల అడ్డం వల్ల అది నాకు కనపడలేదు. కనపడేసరికి రెండూ ఒకే ఎత్తులో ఎదురెదురుగా ఉన్నాయి. రిమోటు మీద నా వేలు కదిలేలోపు పటాలుమంది. రెక్కల ముక్కలు ఎండలో మెరుస్తూ చేలో రాలాయి. నాది వచ్చి నా ముందే బురదలో దిగబడింది. అతనిది చెట్టు మొవ్వుకి కొట్టుకుని పగిలింది. సగానికి సగం మందున్న దాని ట్యాంకు తిన్నగా కిందికొచ్చి ఆసామి గారి గొడుగు మీద పడింది. గొడుగు ఉండబట్టి తల దక్కింది. తెల్ల చొక్కా మాత్రం పైనుంచి కింద దాకా తడిసిపోయింది.

కావాలని గుద్దావా అని తరవాత చాలామంది అడిగారు. గాల్లో పోయేదాన్ని గురి చూసి గుద్దే నేర్పు నాకుంటే ఇన్నేళ్ళు ఆగేదాన్నా?

నేను బురదలోంచి గట్టెక్కాను. డ్రోన్‌లో పోసే మందు చిక్కన, నీళ్ళు తక్కువ కలుపుతాం. ఒంటి మీద పడితే పంపు మందు కంటే తొందరగా దిగుతుంది. చొక్కా విప్పండి బాబుగారూ, వెంటనే విప్పండి అన్నాను. ఆసామి గారు విప్పలేదు. నువ్వా నాకు చెప్పేది అన్నారు. నా ముందు చొక్కా లేకుండా నిలబడడం ఆయన వల్ల కాదు. ఆ తడి చొక్కాతోనే నన్ను తిట్టారు, అల్లుణ్ణి తిట్టారు, ఏం కాలేదు, నాకేం కాలేదంటూ గట్టు మీద అటూ ఇటూ నడిచారు. నడక తేడా పడింది. మాట ముద్దయింది. చొంగ కారింది. చెట్టు పట్టుకోబోయి, చెయ్యి అందక, గట్టు మీద కూలబడ్డారు.

చప్పుడు విని చేలల్లోంచి, రోడ్డు మీంచి జనం పరిగెత్తుకొచ్చారు. ఏమైంది, ఆసామి గారికేమైంది అని నన్నే అడిగారు, ముందు కనపడింది నేనే కాబట్టి. నా కాళ్ళ దగ్గర ఆయన తూలుతూ లేవబోతున్నారు. ఇన్నేళ్ళ నా ప్రార్థన నా కళ్ళముందు చొంగ కారుస్తూ కూర్చుని ఉంది. నా నోట్లోంచి మాట దానంతటదే వచ్చింది, అక్షరం పొల్లుపోకుండా. ‘డు’ బదులు ‘రు’ మాత్రం పెట్టాను.

“తాగొచ్చేరండీ పొలానికి. మేమేం చేస్తాం?”

 ఆసామి గారు తలెత్తి నాకేసి చూశారు. ఆ మాట ఆయనకి అందింది. నాకది చాలు.

చాలు గానీ, ఆయన చస్తే ఎలా? చస్తే మా ఆయన గురించి ఆ ఒక్క మాట ఎవరు చెప్తారు? బతకాలి. లాకుల దగ్గర బెంచీ ముందు నిలబడేటంత శుభ్రంగా బతకాలి. నేను ఆటో దగ్గరికి పరిగెత్తి బకెట్టూ సబ్బూ తెచ్చేసరికి మా ఆయన గట్టు మీదికి వచ్చేసి ఉన్నారు. ఆసామి గారి చొక్కా బొత్తాల మీద ఆయన వేళ్ళు తడబడుతున్నాయి. ఒక్క బొత్తామూ ఊడలేదు. రెండు చేతులూ మెడ దగ్గర దూర్చి ఒక్క లాగు లాగారు. చొక్కా కింద దాకా చిరిగింది. నేను నీళ్ళు పోశాను, ఆయన సబ్బు రాశారు, చేతులు వణుకుతూనే రాశారు. నా ఆటోలోనే అమలాపురం తీసుకెళ్ళాం.

నాలుగు రోజుల్లో ఇంటికొచ్చేశారు ఆసామి గారు. చేతులు నిక్షేపంగా ఉన్నాయి. వేడి టీ గ్లాసు తొణక్కుండా పట్టుకుంటారు. వెంటనే కడిగారు కాబట్టి సరిపోయిందన్నారట డాక్టరు గారు. అది విన్న రోజు నేను పెరట్లోకి వెళ్ళి ఏడ్చాను. మా ఆయన పడ్డ రోజు ఒక్కడంటే ఒక్కడు చొక్కా విప్పి ఉంటే! పక్కనే కాలువ. నీళ్ళకేం కరువా?

వ్యవసాయ శాఖ వాళ్ళు వచ్చి చూశారు. రెండూ ఒకే ఎత్తులో వచ్చాయి, ఒకరికొకరు చెప్పుకోలేదు, తప్పు ఇద్దరిదీ అని తేల్చారు. యంత్రాల బాగోగులు బీమా వాళ్ళు చూసుకున్నారు. ఊరు మాత్రం యంత్రాల్ని వదిలేసి ఆసామి గారిని పట్టుకుంది. నేనన్న మాటకి ఊరే కాళ్ళు తగిలించింది. తాగి ఉండకపోతే పైన రెండు విమానాలు తిరుగుతుంటే బుద్ధున్నవాడు కింద నిలబడతాడా అన్నారు. తూలడం కళ్ళారా చూశామన్నారు. అల్లుణ్ణి అడిగితే, మనుషులున్న చోట ఎగరేశావేమని తన మీదికి వస్తుందని భయపడి, కింద నిలబడొద్దన్నానండీ, మావయ్య గారే వినలేదు అని తప్పుకున్నాడు. ఒకరోజు ఆసామి గారు ఒక తాగుబోతుకి బెంచీ దగ్గర గడ్డి పెట్టబోతే, ముందు తమరు మానండి అన్నాడట వాడు. ఆ మాట విని నేను ఆ పూట పాయసం వండాను.

తరవాత ఆయనే మా గుమ్మంలోకి వచ్చారు. మొట్టమొదటిసారి. కూర్చోమంటే కూర్చోలేదు.

“నువ్వన్న మాటే కదమ్మా అది. నువ్వే తీసెయ్యాలి. నేను ముట్టనని నీకు తెలుసు.”

“ఆయ్, తెలుసండి. తీసేస్తాను. మీరూ ఒక మాటన్నారు. ముందన్నది ముందు తీయాలి కదండీ.”

 లోపల మా ఆయన మంచం మీద ఉన్నారు, అన్నీ వినపడుతున్నాయి, దగ్గలేదు కూడా. రేపు పొద్దున్న లాకుల దగ్గరికి రా అని చెప్పి వెళ్ళిపోయారు ఆసామి గారు. మీరూ రండి అని మా ఆయన్ని పిలిచాను. రానన్నారు. నేనొచ్చి నిలబడితే మొహమాటానికి చెప్పేడంటారు, నువ్వెళ్ళు అన్నారు.

వెళ్ళాను. టీ తీసుకుని స్తంభానికి ఆనుకుని నిలబడ్డాను. బెంచీ నిండా జనం. ఏదో జరగబోతుందని వాసన పట్టేసినట్టున్నారు. ఆసామి గారు కొత్త గొడుగు నేలకి ఊతంగా పెట్టుకుని లేచి నిలబడ్డారు. గొంతు సవరించుకున్నారు. మా ఆయన పేరు పెట్టి, గారు చేర్చి, అన్నారు.

“ఆయన మా చేలో పడ్డ రోజు తాగలేదు. రేపు కొడతానన్నారు. గాలికెదురు నేనే కొట్టించేను. తాగేడని నేనే అబద్ధం చెప్పేను.”

టీ కొట్టావిడ గిన్నెలోంచి పోస్తున్న టీ ఆపేసింది. చర్చి పెద్ద ఒకాయన కూడా అక్కడే ఉన్నారు, తల దించుకున్నారు. నా కళ్ళు మండాయి గానీ ఏడవలేదు, వాళ్ళ ముందు ఏడిస్తే నేను నేను కాదు. ఆసామి గారు కూర్చోలేదు. నాకేసి తిరిగారు. బెంచీ మీది తలలన్నీ నాకేసి తిరిగాయి. ఇప్పుడు నా వంతు కదా.

నేను టీ నెమ్మదిగా, అడుగు దాకా తాగాను. గ్లాసు తొట్టిలో పెట్టాను. వస్తానండీ అని చెప్పి నడిచాను. వెనక నుంచి ఏవమ్మా, ఏవమ్మా అని పిలుస్తూనే ఉన్నారు. వెనక్కి తిరగలేదు. ఏళ్ళ తరబడి మా ఆయన మోశారు ఆ మాటని. ఈయన వారాల్లోనే అలిసిపోయారా?

ఇంటికొచ్చి మా ఆయనకి చెప్పాను. ఏమన్నారు, ఎలా అన్నారు, ఎవరెవరున్నారు అని అడిగారు. మళ్ళీ చెప్పమన్నారు, మళ్ళీ చెప్పాను. గారు పెట్టారా అన్నారు. పెట్టారన్నాను.  తరవాత లేచి, ఆదివారం తెల్ల చొక్కా తియ్యమన్నారు. లాకుల దాకా వెళ్ళి ఒక టీ తాగొస్తాను అన్నారు.

బొత్తాలు పెడుతుంటే ఈసారి మెడ ఎత్తలేదు, నా మొహంలోకే చూస్తున్నారు. నాకు అనుమానమొచ్చింది. ఈయన మనసు వెన్న. ఎదురుగా ఆసామి గారు కూర్చుని ఉంటారు, జాలిపడి నా పనంతా పాడు చేసినా చేస్తారు.

“వెళ్ళి, ఆసామి గారు తాగలేదని చెప్పేస్తారేంటి?” అన్నాను.

గుమ్మం దిగి చెప్పులు వేసుకున్నారు. వణికే చేత్తోనే చొక్కా కాలర్ సర్దుకున్నారు.

“చెప్దాంలేవే,” అన్నారు, “తొందరేముంది?”